పసుపు కల్లంలో నలుగురు సాక్షులు

ఈమధ్య కుర్ర పాస్టర్లు కొందరు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు. "అయ్యగారూ, యేసు నిజంగా లేచాడా, రుజువేదీ అని జనం నిలదీస్తున్నారు. ఏం చెప్పమంటారు?" రుజువులన్నీ వరసగా ఉన్న పుస్తకం ఏదైనా ఉందా అంటాడు ఒకడు. రుజువులెందుకండీ, నమ్మకం చాలదా అంటాడు ఇంకొకడు. ఇద్దరూ నా ముందే పోట్లాడుకుంటారు. నేను టీ తాగుతూ కూర్చుంటాను. లోపల నవ్వొస్తుంటుంది. ఎందుకంటే నాయనా, మీ ఇద్దరి వాదనా నాకు కొత్తది కాదు. ఒకటి ఆ రోజుల్లో నాది. రెండోది ఆర్మూర్‌లో నాతో పనిచేసిన పెద్దమ్మది. మా ఇద్దరి మధ్యా పడి ఒక తల్లి ఎలా నలిగిందో చెబుతాను, వినండి. పుస్తకం తర్వాత కొనుక్కోవచ్చు.

అరవైల మొదట్లో మాట. మాది మెదక్ వైపు. పాస్టర్ చదువు పూర్తికాగానే నన్ను ఆర్మూర్ వేశారు. నేను బస్సు దిగిన రోజు పసుపు మార్కెట్ మంచి జోరు మీద ఉంది. ఊరంతా పసుపు పొడి. రోడ్డు పసుపు, ఎడ్ల కొమ్ములు పసుపు, హోటల్లో టీ పోసే మనిషి చేతులు పసుపు. తెల్ల లాల్చీ వేసుకుని దిగినవాణ్ణి, చర్చి చేరేసరికి పెళ్లికొడుకులా తయారయ్యాను. చర్చి అంటే పెద్దగా ఊహించుకోకండి. పెర్కిట్ పోయే తోవలో గూన పెంకుల హాలు ఒకటి, దాని వెనకాల నాకు రెండు గదులు. సంఘంలో ఎక్కువమంది మార్కెట్లో మూటలు మోసేవాళ్లు, పసుపు ఏరే ఆడవాళ్లు. ఆదివారం వాళ్లంతా స్నానం చేసి, నూనె రాసుకుని, తలలు దువ్వుకుని వచ్చినా గోళ్ల సందుల్లో పసుపు అలాగే ఉండేది. నాకది భలే ఇష్టంగా ఉండేది, ఇప్పటికీ తలచుకుంటే ప్రాణం లేచొస్తుంది.

అక్కడ నాకు ఇద్దరు తోడు దొరికారు. ఒకరు సంఘ పెద్ద. మార్కెట్లో దడువాయి, అంటే కాంటా దగ్గర నిలబడి తూకం వేసే మనిషి. గొంతు విప్పాడంటే మార్కెట్ అవతలి గేటు దాకా వినబడేది. చర్చిలో ప్రార్థన చేసినా కాంటా దగ్గర కేకేసినట్టే ఉండేది. రెండోవారు వాక్యం చెప్పే పెద్దమ్మ. మిషన్ దవాఖానాలో మంచాల మధ్య తిరుగుతూ, రోగుల పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. ఆమెకి చదవడం వచ్చు గానీ చదువుల మీద పెద్ద గురి లేదు. "అయ్యగారూ, గన్ని పుస్తకాలు తెచ్చిండ్రు, చెదలు వట్టకుంట జర జూసుకోండ్రి" అనేది నా ట్రంకు పెట్టె వైపు చూసి.

ఆ పెట్టెలో అన్నిటికంటే పైన, మడతపడకుండా చుట్టి తెచ్చుకున్నది నా చార్టు. అదొక పెద్ద కథ. యేసు సమాధిలోంచి లేచిన ఉదయం గురించి నాలుగు సువార్తల్లో నాలుగు వృత్తాంతాలు ఉన్నాయి కదా. అవి అన్నివిధాలా ఒకేలా ఉండవు. సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లు ఎవరెవరు, కనిపించిన దూత ఒకరా ఇద్దరా, ఆడవాళ్లు భయపడి నోరు మూసుకున్నారా, పరుగెత్తుకెళ్లి చెప్పారా, ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాశారు. చదువుకునే రోజుల్లో నాకది పంటికింద రాయిలా ఉండేది. అందుకని నాలుగింటినీ కలిపి, కుదరనివి తీసేసి, ఒకే కథగా కూర్చి తెల్లగుడ్డ మీద మూడు రంగుల్లో రాశాను. మా గురువుగారు చూసి భుజం తట్టారు. ఇక చూస్కోండి, నా కాళ్లు నేల మీద లేవు. ఈ గుడ్డ ఒక్కటి చాలు, ఎంత మొండివాడైనా ఒప్పుకోవలసిందే అనుకున్నాను.

పునరుత్థాన పండగకి ముందు దాన్ని చర్చి గోడకి కట్టాం. దడువాయి సంబరం ఇంతా అంతా కాదు. వచ్చిన ప్రతివాణ్ణీ చెయ్యిపట్టుకుని దాని ముందుకి తీసుకెళ్లేవాడు. "సూడుండ్రి! మా అయ్యగారు రాసిండు. ఒక్క అక్షరం తప్పు లేదు!" ఆయన చదివింది రెండో తరగతి. అయినా నాకు ఆ పొగడ్త చల్లగానే ఉండేది. పెద్దమ్మ మాత్రం చార్టు వంక ఒకసారి చూసి, "మంచిగున్నది, గని గుడ్డ దండుగ. నమ్మేటోనికి గిది అక్కెర లేదు, నమ్మనోనికి ఇంకో థాను తెచ్చినా సాలది" అని వెళ్లిపోయింది. ఆమెకి కళాహృదయం లేదనుకున్నాను.

ఇక ఆ తల్లి సంగతి. నందిపేట్ వైపు గోదావరి దగ్గరి ఊరు వాళ్లది. బాగా కలిగిన కాపుదనం. భర్తని ఊళ్లో అందరూ పటేలా అని పిలిచేవారు. కులంలో ఏ తగాదా వచ్చినా పంచాయతీ చెప్పేది ఆయనే. మాట గట్టి మనిషి, కోపం కూడా గట్టిదే. వాళ్లకి ఒక్కతే ఆడపిల్ల. అంతకుముందు ఏడాది జ్వరం వచ్చి మా మిషన్ దవాఖానాలో చనిపోయింది. అప్పుడు పక్కన ఉన్నది మా పెద్దమ్మే. పిల్లని పట్టుకుని వదలకుండా ఏడుస్తున్న తల్లితో, "ఆయన లేసిండు బిడ్డా. నీ బిడ్డను గూడ లేపుతడు. మల్ల సూస్తవు" అందట. పిల్లని తీసుకెళ్లి పొలంలో పూడ్చారు. ఆ మాట మాత్రం తల్లి మనసులో ఉండిపోయింది.

ఆ సీజన్‌లో పటేలు పసుపు బండ్లు తోలుకొచ్చిన ప్రతిసారీ ఆమె వెంట వచ్చేది. ఆయన సరుకు అమ్మించే అడ్తి దుకాణం దగ్గర ఉంటే ఈమె వచ్చి చర్చిలో ఆఖరి చాప మీద కూర్చునేది. పక్కన కూర్చున్నది ఏ కులమని చూసేది కాదు. మాట్లాడేది కాదు. చార్టు వైపే చూస్తూ ఉండేది, చదవడం రాకపోయినా. ఒకరోజు పెద్దమ్మతో చెప్పించింది, బాప్తిస్మం తీసుకుంటానని. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మొదటి పోస్టింగ్, మొదటి సీజన్, అంత పెద్దింటి మనిషి! కానీ భర్త సరే అనకుండా పెళ్లయిన ఆడమనిషికి బాప్తిస్మం ఇవ్వకూడదని మా పద్ధతి. ఇంట్లో అడగమన్నాను.

అడిగినట్టుంది. ఆ తర్వాతి మార్కెట్ రోజు పటేలే వచ్చాడు. మోచేతుల దాకా పసుపు, నెత్తిన రుమాలు. వసారాలో అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లు ఇస్తే తాగాడు. దడువాయి లోపలినుంచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన భార్య గుమ్మం బయట కొంగు నెత్తిమీదికి లాక్కుని నిలబడింది.

"సారూ, నా పెండ్లాం మీ నీళ్లల్ల మునుగుతనంటున్నది. నేను వద్దనలె, సరే అనలె. ఒక్క ముచ్చట అడుగుత, సక్కగ జెప్పు. గది జరిగిందా?"

"ఏది పటేలా?"

"సచ్చిపోయినాయన లేసిండంటరు గద. జరిగిందా? లేకుంటే ఏడ్సెటోళ్లను ఊకుంచెతందుకు జెప్పే కతనా?"

నా పంట పండిందనుకున్నాను. ఆయన్ని చార్టు ముందుకు తీసుకెళ్లి మొదలుపెట్టాను. ఎర్ర అక్షరాలు, నీలం అక్షరాలు, అన్నీ వివరించాను. చెమటలు కారేదాకా చెప్పాను. ఆయన కదలకుండా విన్నాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

"సాక్షులు ఎంతమంది సారూ?" అన్నాడు చివరికి.

"నలుగురు రాసిండ్రు పటేలా."

"నలుగురు గిట్లనే జెప్పిండ్రా? ఒక్క మాట అటిటు లేకుంట?"

నేను నోరు తెరిచేలోపే దడువాయి కంఠం ఖంగుమంది. "ఒక్క మాట తేడా లేదు పటేలా! సూస్కో, అంతా ఒక్కటే ముచ్చట!"

నేను సర్దిచెప్పాల్సింది. నలుగురివీ కలిపి రాసింది నేనేనని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ ఆ సంతోషంలో తల ఊపాను.

పటేలు నవ్వాడు. లేచి రుమాలు దులుపుకున్నాడు. "అయితే సదివిచ్చిన సాక్షులు సారూ. నా పంచాయతీల గిట్ల నలుగురొచ్చి చిలుకలెక్క ఒక్కటే పలుకు పలికిండ్రనుకో, నలుగురిని ఎల్లగొడ్త. నిజంగ సూసినోళ్లు గట్ల జెప్పరు. పా, పోదాం" అన్నాడు భార్యతో. ఆమె నా వైపు చూసింది. వాళ్ల బండి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె రాలేదు. పండగొచ్చింది. దడువాయి పాటలతో పెంకులు లేచిపోయాయి. నాకు మాత్రం ఆఖరి చాప మీద ఆ ఖాళీ జాగాయే కనబడుతోంది. ఆ వైపు ఊళ్లకి వెళ్లొచ్చిన పెద్దమ్మ కబురు తెచ్చింది. ఆమె సరిగా తినడం లేదట. పనిలోకి పోవడం లేదట. పిల్లని పూడ్చిన చోటికి పోయి కూర్చుంటోందట. ఎవరైనా పలకరిస్తే, "అంత సదివిచ్చిన ముచ్చటేనట" అంటోందట.

నాకు పటేలు మీద ఒళ్లు మండిపోయింది. రాతిగుండె మనిషి, నమ్మేదాన్ని నమ్మనీయడం లేదని తిట్టుకున్నాను. పెద్దమ్మకి నా మీద మండింది. "నీ గుడ్డ జేసింది గింత. నమ్ముమని ఊకుంటే సాలకపోయెనా? రుజువులు, రుజువులని గోడకు గట్టినవ్. గిప్పుడు సూడు!" అని మీదికొచ్చింది. నేనూ ఊరుకోలేదు. నమ్ము నమ్ము అంటే ఎవరైనా నమ్ముతారా, మనిషికి బుద్ధి ఉండదా అన్నాను. దడువాయి మధ్యలో నిలబడి ఇద్దరినీ తూచినట్టు అటూ ఇటూ చూసి, "కొట్లాట తర్వాత పెట్టుకుందాం, ముందుగల్ల గా తల్లి కాడికి పోదాం పాండ్రి" అన్నాడు. ఆయన ఆరోజు మార్కెట్లో కూలి మానుకుని మాతో వచ్చాడు. నందిపేట్ దాకా బస్సు, అక్కడినుంచి నడక.

పటేలు వాళ్ల కల్లం ఊరి బయట ఉంది. ఉడకబెట్టిన పసుపు కొమ్ములు నేలంతా ఆరబోసి ఉన్నాయి. ఆ వాసన ముక్కు పుటాలు అదరగొడుతోంది. ఆమె కల్లం గట్టు మీద కూర్చుని ఉంది, చిక్కి సగమైంది. పటేలు దూరంగా కూలీలతో ఉన్నాడు. పెద్దమ్మ పోయి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అడుగుడు వద్దు బిడ్డా. నమ్ము. గంతే."

ఆమె చెయ్యి లాక్కోలేదు గానీ తల అడ్డంగా ఊపింది. అదే మొదటిసారి నేను ఆమె గొంతు వినడం.

"పెద్దమ్మా, నమ్ముడు నాకు కొత్తనా? తాయెత్తు గడితె బతుకుతదన్నరు, నమ్మిన. మొక్కు మొక్కితె బతుకుతదన్నరు, నమ్మిన. మీ దవాఖానల సూదేసి, రేపటికల్ల తగ్గుతదన్నరు, గదీ నమ్మిన. ఎవరేమన్న నమ్ముకుంటనే పోయిన. నా బిడ్డ పోయింది. మల్ల సూస్తవని నువ్వంటివి. గా మాట మీదనే ఉన్న పెద్దమ్మా. గా ఒక్కాయన నిజంగ లేస్తెనే గద నా బిడ్డ లేసేది? గది వట్టి ముచ్చటైతే నాకొద్దు. ఊకుంచే మాటలు నాకొద్దు. మా ఆయనను నేనే తోలిన మీ కాడికి, పోయి అడుగు, నీకు అడుగుడు ఎరుకనే గద అని."

మేం ముగ్గురం నిలువునా నీరయ్యాం. అడ్డుపడుతున్నాడని నేను అన్నాళ్లూ తిట్టుకున్న మనిషి, ఆమె పంపిస్తేనే వచ్చాడు. రాతిగుండె ఆయనది కాదు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఇక నమ్ముమనే మాట ఎత్తలేదు.

పటేలు మమ్మల్ని చూసి వచ్చాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. ఉన్నాడు కూడా. కానీ నేను దండం పెట్టి, "పటేలా, నలుగురు ఒక్కతీరుగ జెప్పలె. నలుగురివి కలిపి ఒక్కటి జేసింది నేను" అనగానే ఆయన మొహం మారింది.

"ఎందుకు కలిపినవు?"

"తేడాలు సూస్తె జనం పరేషాన్ అయితరని."

"మా ఆర్మూర్ అడ్తిల నాలుగిండ్ల పసుపు ఒక్క రాశి పోస్తె కొనెటోడు ఏమంటడు? ఏందో దాస్తున్నరంటడు. మంచిగున్నది గూడ కొనడు." కాసేపు ఆలోచించాడు. "సరే. సాక్షులను యేరేయేరుగ తెండ్రి. పంచాయతీ పెడ్త."

ఒక రోజు చెప్పాడు. ఆ రోజుతో మొత్తానికి తేలిపోవాలి. నాకు తెలుసు, ఆమెకి తెలుసు. ఆ రోజు మేం మళ్లీ వెళ్లేసరికి కల్లంలో వేపచెట్టు నీడన చాపలు పరిచి ఉన్నాయి. పటేలు అన్న, ఇంకో ఇద్దరు కులం పెద్దలు వచ్చారు. ఈ పిచ్చి ఇవాళ్టితో వదలగొడదామని వాళ్ల మొహాల మీదే రాసుంది. ఆమె భర్తకి ఎదురుగా, కాస్త పక్కకి కూర్చుంది.

వాళ్ల పంచాయతీల్లో పద్ధతి ఒకటుంది. ఒక సాక్షి చెప్పేది ఇంకో సాక్షి చెవిన పడకూడదు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు దూరంగా పోయి కూర్చోవాలి. పటేలు మాకూ అదే పద్ధతి పెట్టాడు. ఒక్కొక్కరం ఒక్కో సువార్త చదవాలి, మొదట నేను. దడువాయి, పెద్దమ్మ బావి దగ్గరికి పోయి కూర్చోవాలి.

"అచ్చులో ఉన్నదాయె పటేలా, ఎవరు సదివినా మారదు గద" అన్నాను.

"అచ్చు మారదు సారూ. మీరు మార్తరు. ఒకరు సదివింది ఇంకొకరు ఇంటె, సర్ది సదువుతరు."

కిక్కురుమనకుండా చదివాను. నా వంతుకొచ్చిన వృత్తాంతంలో తెల్లబట్టల యువకుడు ఒక్కడే ఉన్నాడు. ఆడవాళ్లు గజగజ వణికిపోయి ఎవరికీ ఏమీ చెప్పలేదని ఉంది. ఆ వాక్యమే నేను చార్టులో లేకుండా చేసింది. చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి.

తర్వాత దడువాయిని పిలిచారు. ఆయన కూడబలుక్కుంటూ, గొంతు మాత్రం తగ్గించకుండా చదివాడు. బావి దగ్గరున్న పెద్దమ్మకి వినబడుతుందేమోనని పటేలు రెండుసార్లు, "మెల్లగయ్యా, గిది కాంటా గాదు" అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె తప్ప. దడువాయి చదివినదాంట్లో ఆడవాళ్లు భయంతోనూ సంతోషంతోనూ పరుగెత్తుకెళ్లి చెప్పారని ఉంది. పటేలు చెయ్యెత్తి ఆపాడు.

"సారు సదివిన సాక్షేమో ఆడోళ్లు భయపడి నోరు ఇప్పలేదన్నడు. గీయన ఉరికిపోయి జెప్పిండ్రన్నడు. సారూ, మీ గుడ్డ మీద గిది ఏడున్నది?"

"తీసేసిన పటేలా. గడబిడగ ఉన్నదని."

"గడబిడ లేకుంట సూసినోడెవడన్న ఉంటడా? మొన్న మా ఊళ్లె గడ్డివాము కాలింది. సూసినోళ్లంత యేరేయేరే జెప్పిండ్రు. వాము కాల్లేదంటమా?" అన్నాడు. ఆ మాటకి ఆమె మొదటిసారి తలెత్తింది.

పెద్దమ్మ చదివినదాంట్లో దూతలు ఇద్దరు. పైగా ఆడవాళ్లు వచ్చి చెబితే శిష్యులే నమ్మలేదని, వట్టి మాటలని కొట్టిపారేశారని ఉంది. పటేలు అన్న తొడ చరిచాడు. "సూసినవా! వాళ్లోళ్లె నమ్మలె. ఆడోళ్ల సాక్ష్యం పంచాయతీల ఎవడు ఒప్పుకుంటడు? లెవ్వు, ఇంటికి పోదాం!"

అప్పుడు నా చదువు పనికొచ్చింది. అదే ఒక్కటి పనికొచ్చిందనుకోండి. "పెద్ద పటేలా, గా దేశంల గూడ గప్పుడు ఆడోళ్ల సాక్ష్యానికి విలువ లేకుండె. గది అందరికీ ఎరుకనే. అబద్ధం అల్లెటోడు అల్లుకుంటే మొదటి సాక్షులుగ ఆడోళ్లను పెడ్తడా? పేరున్న మొగోళ్లను పెట్టుకుంటడు గద. తమవాళ్లే నమ్మలేదని రాస్కుంటడా? గీ మాట చెప్పినందుకు వాళ్లకు దెబ్బలు దప్ప ఏం రాలె. కొందరి పానాలు గూడ పోయినయ్."

పటేలు పసుపు కొమ్ము ఒకటి తీసుకుని విరిచి, లోపలి రంగు చూసి, పక్కన పెట్టాడు. "తయారు జేసెటోడు గిట్ల తయారు జెయ్యడు" అన్నాడు అన్నతో. తర్వాత నా చేతిలోంచి గ్రంథం తీసుకున్నాడు. "నాలుగో సాక్షిది నేనే సదువుత."

ఆయనకి చదువు అంతంతమాత్రం. ఒక్కో మాట కింద వేలు పెట్టుకుని చదివాడు. అది తోటలో ఒక ఆడమనిషి సమాధి బయట నిలబడి ఏడుస్తున్న వృత్తాంతం. వెనక ఒకాయన నిలబడి ఎందుకేడుస్తున్నావని అడుగుతాడు. ఆమె ఆయన్ని పోల్చుకోదు, తోటమాలి అనుకుంటుంది. ఆయన ఆమెను పేరు పెట్టి పిలుస్తాడు. అప్పుడు ఆమెకి తెలుస్తుంది. పటేలు ఆ పేరు పెట్టి పిలిచిన చోటికి వచ్చి ఆగిపోయాడు. వేలు అక్కడే ఉంది. నీళ్లు కావాలేమోనని దడువాయి చెంబు అందించాడు, ఆయన తీసుకోలేదు. పిల్ల పోయాక ఆయన ఏడ్చినట్టు ఎవరూ చూడలేదట, ఆమె కూడా. ఆ రోజు చూసింది. మిగతాది పెద్దమ్మ చదివి ముగించింది.

కాసేపటికి పటేలు రుమాలుతో మొహం తుడుచుకుని, పంచాయతీ చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

"ఇనుండ్రి. గీ సాక్షులు సదివిచ్చినోళ్లు గాదు. చిన్న ముచ్చట్ల కాడ తలో తీరుగున్నరు, పెద్ద ముచ్చట కాడ ఒక్కటిగున్నరు. గుంత ఖాళీగున్నదన్నరు, ఆయనను సూసినమన్నరు. వీళ్లు అబద్ధమాడిండ్రని నా నోటితోని నేను అనను. గంతవరకే నా పంచాయతీ."

దడువాయి ఉండబట్టలేకపోయాడు. "అయితే నమ్మినట్టేనా పటేలా?"

"గది పంచాయతీల తేలేది గాదు. సాక్షి మంచోడని జెప్పొచ్చు. లేసినాయన కాళ్ల మీద వడుడు యేరే ముచ్చట. గది ఎవరికి వాళ్లే." భార్య వైపు తిరిగాడు. "అడుగుమన్నవు, అడిగిన. ఇగ నీ ఇష్టం."

ఆమె లేచి నిలబడింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "సాలు. గీడిదాంక నువ్వు తోలుకొచ్చినవు. మిగిలిన తొవ్వ నేను నడుస్త."

నేను చదువుకున్న అన్ని ఏళ్లలో విశ్వాసం గురించి అంత తేటగా నాకెవరూ చెప్పలేదు. ఆనందంతో నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. పక్కన దడువాయి ఎలాగూ బావురుమంటున్నాడు కాబట్టి నాది ఎవరికీ వినబడలేదు.

గోదావరిలో ఆమెకి బాప్తిస్మం ఇచ్చాను. ఎండాకాలం, పాయ సన్నగా పారుతోంది. పటేలే బండి తోలుకొచ్చాడు. ఒడ్డున అందరికీ కనబడేలా నిలబడి, ఆమె నీళ్లలోంచి వచ్చాక దుప్పటి కప్పాడు. కులంవాళ్లు ఊరుకోలేదు. కొన్నాళ్లు ఆయన్ని పంచాయతీకి పిలవడం మానేశారు. "మంచిదే, ఇంటి పనన్న అయితది" అన్నాడట. మళ్లీ ఓ పెద్ద భూమి తగాదా వచ్చి ఎవరికీ కొరుకుడు పడకపోతే వాళ్లే వచ్చి తీసుకెళ్లారు.

చార్టు సంగతి అడుగుతారేమో. నేను విప్పేద్దామంటే దడువాయి ఒప్పుకోలేదు. చివరికి దాన్ని తిప్పి కట్టి, ఖాళీ వైపున నాలుగు గళ్లు గీసి, నాలుగు వృత్తాంతాలూ వేటికవి రాశాం. తేడాలున్న చోటల్లా దడువాయి పసుపుతో గీత గీశాడు. ఆదివారం పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టి, "గీడ తేడా ఉన్నది, సూసిండ్రా? కండ్లారా సూసినోళ్ల మాటలు గివి!" అని చెప్పేవాడు, అదే గొంతుతో. పెద్దమ్మ కూడా ఒకసారి దాని ముందు చాలాసేపు నిలబడి, "గీ గుడ్డ దండుగ గాలె" అంది. ఆమె నోట అంతమాట రావడం నాకు సన్మానంతో సమానం.

ఆర్మూర్‌లో నేను చాన్నాళ్లు ఉన్నాను. ఆనందంగా ఉన్నాను. బదిలీ అయినప్పుడు చెప్పి వెళదామని పటేలు ఇంటికి పోయాను. ఆమె అన్నం పెట్టింది. మొహం తేటగా ఉంది, వాళ్లాయన్ని ఆటపట్టించేంత తేటగా. తిన్నాక పటేలు పొలం చూపిస్తానని తీసుకెళ్లాడు. పసుపు మోకాళ్ల దాకా పెరిగి ఉంది, గట్టునుంచి గట్టుదాకా. ఒక మూల మాత్రం చాపంత జాగా ఖాళీగా, కలుపు తీసి శుభ్రంగా ఉంది. అది పిల్లని పూడ్చిన చోటని నాకు తెలుసు.

ఆయనతో నేను ఆ ప్రశ్న ఎప్పుడూ ఎత్తలేదు. ఆరోజు వెళ్లిపోతున్నాననే ధైర్యంతో ఎత్తాను. "పటేలా, అప్పుడు దడువాయి అడిగిండు. ఇప్పుడు నేను అడుగుతున్న. నమ్ముతున్నవా?"

ఆయన వంగి ఆ జాగాలో మొలిచిన గడ్డిపోచ ఒకటి పీకి గట్టు మీదకి విసిరాడు.

"నాకు ఎరుక లేదు సారూ. ఆమె లెక్క నాకు రాదు. గని గీ మూలకు పసుపు పెడ్తలేను. పెడితె ఏటేట తవ్వాలె గద." చేతి మట్టి దులుపుకున్నాడు. "లేస్తే గీడనే లేస్తది నా బిడ్డ. అడ్డం ఏం ఉండొద్దని."